ముఖంపై లేజర్ కొట్టడం వైద్యమే: నల్లగొండ జిల్లా రిజిస్టరింగ్ అథారిటీకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నల్లగొండ జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారికి, జిల్లా రిజిస్టరింగ్ అథారిటీ సభ్యులందరికీ నమస్కరించి రాయునది.

విషయం: డాక్టర్ లేని చోట్ల ముఖ చర్మంపై చేస్తున్న లేజర్ చికిత్సను క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ (వైద్య సంస్థల నమోదు, నియంత్రణ) చట్టం కింద తనిఖీ చేసి, తగు చర్య తీసుకోవలసిందిగా విజ్ఞప్తి.

నేను నల్లగొండ ప్రకాశం బజార్ దగ్గర మందుల దుకాణం నడుపుతున్న రిజిస్టర్డ్ ఫార్మసిస్టును. మొటిమల గుంతలు, పాత మచ్చలు, ముడతలు పోగొడతామంటూ ముఖానికి లేజర్ చికిత్స చేసే చోట్లు మన జిల్లా కేంద్రంలోనూ, చుట్టుపక్కల పట్టణాల్లోనూ పెరిగాయి. వాటిలో చర్మవైద్యులు స్వయంగా నడిపే క్లినిక్‌లు ఉన్నాయి. వారి మీద నాకు ఫిర్యాదు ఏమీ లేదు. బోర్డు మీద డాక్టర్ పేరు ఉండి మనిషి ఎన్నడూ కనబడని సెంటర్ల గురించి, ఆ పేరు కూడా లేకుండా ఐబ్రోస్, ఫేషియల్‌తో పాటు లేజర్ కూడా కొట్టే పార్లర్ల గురించి రాస్తున్నాను. లేజర్‌తో ముఖం మీది పైపొరను తొలగించడం అలంకారం కిందికి రాదు, అది వైద్యం. కాబట్టి అటువంటి ప్రతి చోటూ మీ రిజిస్టర్‌లోకి ఎక్కాలి, యంత్రం పట్టుకునేది ఎవరో అక్కడి గోడ మీద తెలుగులో రాసి ఉండాలి. నా కోరిక ఇంతే. అయితే ఎందుకు కోరుతున్నానో కొంత వివరంగా చెప్పక తప్పదు.

ఈ చికిత్స వికటించినప్పుడు జనం ముందుగా వచ్చేది మందుల షాపుకే. మొన్న ఫాల్గుణంలో ఒక తల్లి, పెండ్లి కుదిరిన కూతురిని వెంటబెట్టుకొని వచ్చింది. అమ్మాయి చున్నీ ముఖానికి చుట్టుకొని మెట్ల దగ్గరే ఆగిపోయింది. "అక్కా, మొఖం మండుతున్నదట, కాలినదానికి ఏదన్న ట్యూబ్ ఇయ్యి" అని తల్లి అడిగింది. లోపలికి పిలిచి చూస్తే రెండు చెంపల మీదా సన్నని చుక్కలు వరుసలుగా, అంగుళం కన్నా చిన్నవైన చతురస్రాలుగా పడి ఉన్నాయి. ఒక చతురస్రం అంచు పక్కదాని మీదికి ఎక్కిన ప్రతిచోటా గోధుమరంగు గీత ముదిరి నల్లబడింది. ఎడమ దవడ మీద రెండు చోట్ల రసి కారుతున్నది. వాళ్లకు ఇచ్చిన చీటీలో డాక్టర్ పేరు లేదు, రిజిస్ట్రేషన్ నంబరు లేదు, ఏ యంత్రం వాడారో, ఎంత శక్తి పెట్టారో లేదు; ఒక ఫోన్ నంబరు, నాలుగు సిట్టింగుల్లో ఒకటి అయిందన్న రాత, కట్టిన డబ్బు, అట్టడుగున ఒక క్రీమ్ పేరు ఉన్నాయి. ఆ క్రీమ్‌లో ఉన్నది క్లోబెటాసోల్. స్టిరాయిడ్ పూతమందుల్లో అత్యంత బలమైన తరగతి అది. చీము పట్టబోతున్న పచ్చి పుండు మీద రాయదగినది కాదు. ఆ ట్యూబ్ ఇవ్వకుండా, వాళ్లను ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోని చర్మవ్యాధుల విభాగానికి వెళ్లమని చెప్పి పంపించాను. ఆ సెంటర్ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఒక్క సెంటర్‌ను మూయించినంత మాత్రాన ఈ సంగతి తీరేది కాదు.

ఆ యంత్రం ఏం చేస్తుందో ఒకసారి చూద్దాం. ముఖానికి ఎక్కువగా వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టిన సి. కుమార్ ఎన్. పటేల్ మన దేశంలోని బారామతిలో పుట్టినవారే. ఈ జాతి లేజర్‌లను పరిశ్రమల్లో లోహపు రేకులు కోయడానికి కూడా వాడతారు. దాని తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు, కంటికి కనబడదు. ఆ కిరణాన్ని నీరు విపరీతంగా పీల్చుకుంటుంది. చర్మకణాల్లో అధిక భాగం నీరే కాబట్టి, కిరణం తగిలిన చోట ఆ నీరు రెప్పపాటు కన్నా తక్కువ కాలంలో ఆవిరై, కణజాలాన్ని తనతో పాటే ఎగరగొడుతుంది, దాని అంచుల వెంట మరికొంత చర్మం వేడికి గడ్డకడుతుంది. 2,940 నానోమీటర్ల దగ్గర పనిచేసే ఎర్బియం యాగ్ లేజర్‌ను నీరు అంతకన్నా ఎక్కువగా పీల్చుకుంటుంది గనుక దాని వేడి పక్కలకు తక్కువగా పాకుతుంది. రెండింటి పనీ ఒకటే, కొలత ప్రకారం గాయం చేయడం. ఆ గాయం మానే క్రమంలో లోపలి పొర కొత్తగా, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను తయారు చేసుకుంటుంది, గుంత కొంత మేరకు పూడుతుంది. అంటే ఫలితమంతా యంత్రం కన్నా గాయం మానే తీరు మీదనే ఆధారపడి ఉంటుంది. ఆ మానడాన్ని కాచుకొని చూసే మనిషి లేని చోట యంత్రం ఎంత ఖరీదైనదైనా ఒకటే.

మొదట్లో ముఖమంతా ఒకేసారి పైపొర తీసేవారు. అది మానడానికి రెండు వారాల దాకా పట్టేది, ఎరుపు నెలల తరబడి నిలిచేది. 2004లో ఫ్రాక్షనల్ అనే సూత్రం వెలుగులోకి వచ్చాక పద్ధతి మారింది. సాళ్లు తీసి వరి నాటినట్టు, కిరణాన్ని సన్నని చుక్కలుగా విడగొట్టి, చుక్కకూ చుక్కకూ నడుమ చర్మాన్ని ముట్టుకోకుండా వదిలేస్తారు. ఒక్కో చుక్క వెడల్పు మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. వదిలిన చర్మం నుంచి మంచి కణాలు వచ్చి రంధ్రాలను కప్పుతాయి కాబట్టి పైపొర సాధారణంగా వారం లోపలే మూసుకుంటుంది. ఈ చికిత్సలో భద్రత మొత్తం ఆ వదిలిన చోటులోనే ఉంది. చుక్కలను మరీ దగ్గరగా పెట్టినా, ఒకసారి కొట్టిన చోటనే వేడి చల్లారకముందే మళ్లీ కొట్టినా, నడిమి చర్మం కూడా ఉడికిపోయి అది మామూలు కాలినగాయం అవుతుంది. ఆ అమ్మాయి చెంపల మీద చతురస్రాలు ఒకదానిమీదికి ఒకటి ఎక్కిన చోట జరిగింది ఇదేనని నా అభిప్రాయం.

మన చర్మం సంగతి మరొకటి. చర్మాన్ని ఎండకు స్పందించే తీరును బట్టి వర్గాలు చేసే ఫిట్జ్‌ప్యాట్రిక్ పద్ధతిని 1975లో ప్రతిపాదించారు, తర్వాత దానిని ఆరు రకాలకు విస్తరించారు (ఒకటో రకం అతి తెల్లని చర్మం, ఆరోది అతి నల్లనిది). మన ప్రాంతంలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల కిందికి వస్తారు. ఈ రకాల చర్మానికి చిన్న దెబ్బ తగిలినా రంగునిచ్చే కణాలు రెచ్చిపోయి ఎక్కువ మెలనిన్‌ను వదులుతాయి. దోమ కుట్టి గోకిన చోట కూడా నెలల తరబడి నల్లమచ్చ నిలవడం మనందరికీ తెలిసిందే. లేజర్ తర్వాత కూడా అంతే. పైపొర మానిపోయి, ఇక గండం గడిచిందనుకున్న మూడు నాలుగు వారాలకు నలుపు తేలుతుంది. తగిన చికిత్స చేసినా అది తగ్గడానికి నెలలు పడుతుంది. అందుకే తెలిసిన వైద్యులు మన చర్మానికి చుక్కల సాంద్రత తగ్గిస్తారు, సిట్టింగులు దూరం దూరంగా పెడతారు, ముందు చెవి దగ్గర చిన్న చోట పరీక్షించి కొన్ని వారాలు ఆగి చూస్తారు. మంగు మచ్చలున్నవారికి లేజర్ కొడితే అవి మొదటికన్నా ముదిరి తిరిగి రావచ్చు. గాయమైతే కీలాయిడ్ గడ్డలు కట్టే ఒంటితత్వం ఉందా, తెల్లమచ్చల వ్యాధి ఉందా, పెదవుల చుట్టూ నీటిపొక్కులు తెచ్చే హెర్పిస్ ఎప్పుడైనా వచ్చిందా, మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నారా, ఇవన్నీ అడిగి తెలుసుకున్న తర్వాతే చేయి వేయాలి. హెర్పిస్ వచ్చి ఉంటే వైరస్‌ను అణిచే మాత్రలు ముందే మొదలుపెట్టాలి. ఆ మాత్రలు రాసే అధికారం ఫేషియల్ చేసేవారికి లేదు.

లేజర్‌ను తప్పుపట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. మొటిమలు వదిలిన వెడల్పాటి గుంతలు సరైన చేతిలో గుర్తుపట్టేంత మెరుగుపడతాయి; కాలిన మచ్చలు బిగుసుకొని కదలికకు అడ్డం వస్తున్నప్పుడు అదే ఫ్రాక్షనల్ లేజర్ మచ్చను మెత్తబరుస్తుంది. అయితే గుంత పూర్తిగా మాయమవుతుందని నిజం తెలిసిన వైద్యులెవరూ మాట ఇవ్వరు. సూదితో గుచ్చినట్టు సన్నగా, లోతుగా ఉండే గుంతలకు లేజర్ అంతగా పనిచేయదు. వాటికి ట్రైక్లోరో అసెటిక్ ఆమ్లాన్ని గుంత లోపల చుక్కగా పెట్టడం, లేదా ఆ గుంతను చిన్నగా కోసి తీసేయడం వంటి వేరే పద్ధతులున్నాయి. ఏ గుంతకు ఏది పనికొస్తుందో చూసి చెప్పే చదువు లేనివారు, తమ దగ్గర ఉన్న ఒక్క యంత్రాన్నే అన్ని ముఖాలకూ పెడతారు.

ఇక మన దగ్గర ఈ చికిత్సకు ఎగబడే కాలం గురించి చెప్పాలి. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం మనకు పెండ్లి ముహూర్తాల నెలలు. సంబంధం కుదిరి, లగ్గం పెట్టుకున్న తర్వాత ముహూర్తానికి నెలో నెలన్నరో గడువుంటుంది. అప్పుడు పార్లర్‌కు వెళ్లిన పిల్లకు ఫేషియల్, బ్లీచింగ్‌తో పాటు లేజర్‌ను కూడా కలిపి ఒక ప్యాకేజీగా అంటగడతారు. ఈ మధ్య పెండ్లికొడుకులు కూడా ఈ వరుసలో కలిశారు. కొత్త కొల్లాజెన్ కట్టుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. కాబట్టి నెలరోజుల ముందు చేసిన లేజర్ ఫలితం పెండ్లి ఫొటోల్లో కనబడే అవకాశం తక్కువ. నలుపు మాత్రం మూడు నాలుగు వారాలకు తేలుతుందని పైన చెప్పాను. అంటే మంచి జరిగితే పెండ్లయ్యాక, చెడు జరిగితే సరిగ్గా పెండ్లినాటికి బయటపడుతుంది. ఈ లెక్కను ప్యాకేజీ అమ్మేవారు ఏ ఆడపిల్ల తల్లికీ చెప్పగా నేను వినలేదు.

దాని మీద మన ఆచారాలున్నాయి. ప్రధానం నాటి నుంచి నలుగులు, పసుపులు మొదలవుతాయి. శనగపిండి, పసుపు, నూనె కలిపి చెంపలకు పట్టించి, అత్తలు, చిన్నమ్మలు, వదినలు వరసగా తలా ఒక చేయి వేసి రుద్దుతారు. అది ముచ్చటే కానీ, అప్పుడే పైపొర కట్టుకుంటున్న ముఖం మీద గరుకు పిండితో రుద్దడం అంటే మానుతున్న గాయాన్ని మళ్లీ రేపడమే. కొత్త చర్మం పసుపును కూడా తట్టుకోలేక ఎర్రబడవచ్చు. "లేజర్ అయినంక ఇన్ని రోజులు నలుగు పెట్టొద్దు" అని ఒక్క ముక్క చీటీ మీద రాసివ్వడానికి ఎవరికీ కష్టం కాదు. మొదటి కొన్ని రోజులు సాదా వ్యాసలిన్ వంటి పూత, సబ్బు లేని శుభ్రత, గీకకుండా ఉండటం, చెక్కులు వాటంతట అవే రాలేదాకా మేకప్ ముట్టకపోవడం, వీటిని కూడా అట్లాగే రాసివ్వవచ్చు.

ఎండ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఫాల్గుణం దాటితే నల్లగొండ, పాలమూరు, సూర్యాపేట, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఎండలు ముదురుతాయి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే రోజులు చాలానే ఉంటాయి. లేజర్ అయిన ముఖాన్ని వారాల తరబడి ఎండకు చూపకూడదు. పత్తి ఏరడానికో, మిరపతోటలోకో వెళ్లే ఆడపిల్లకు, బస్టాండ్‌లో గంట నిలబడి కాలేజీకి వెళ్లే పిల్లకు, శుభలేఖలు పంచడానికి మోటారు సైకిల్ మీద ఊరూరూ తిరిగే పెండ్లికొడుకుకు అది ఎట్లా సాధ్యం? "సన్‌స్క్రీన్ రాసుకోండి" అని చెప్పి పంపితే అయిపోదు. ముఖానికీ మెడకూ సరిపోవాలంటే చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా రెండు గీతలు పిండాలి, బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. అట్లా రాస్తే 50 గ్రాముల ట్యూబు రెండు మూడు వారాలకు మించి రాదు. షాపులో నేను చూసేది ఏమిటంటే, ఒక్క ట్యూబు కొని, శనగగింజంత పిండుకొని, ఆరు నెలలు వాడతారు. వేల రూపాయలు లేజర్‌కు కట్టించుకున్నవారు ఈ ఖర్చును కూడా ముందే లెక్కకట్టి చెప్పవద్దా?

స్టిరాయిడ్ క్రీముల ముచ్చట దీనికి అతుక్కొనే ఉంది. బెటామెథసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ వంటి స్టిరాయిడ్‌లను, కొన్నిసార్లు హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్‌లతో కలిపిన ట్యూబులను, ముఖం తెల్లబడే క్రీములుగా వాడేవారు మన ఊళ్లలో లెక్కకు మించి ఉన్నారు. నెలల తరబడి వాడితే చర్మం పలుచబడి ఎర్రబడుతుంది, నరాలు తేలతాయి, మొటిమలు పొంగుతాయి, ఎండ తగిలితే మంట పుడుతుంది. ఆ మచ్చలు పోగొట్టుకోవడానికి లేజర్ దగ్గరికి పోతే, పలుచబడిన ఆ చర్మం మీదనే గాయం చేస్తారు. తర్వాత ఎరుపు తగ్గడానికి మళ్లీ అదే క్రీము రాసిస్తారు. కేంద్ర ప్రభుత్వం 2018లో స్టిరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. మా వ్యాపారంలోనూ ఈ నియమాన్ని పాటించనివారు ఉన్నారని ఒప్పుకోవాలి. కాబట్టి లేజర్ సెంటర్లను తనిఖీ చేయడానికి వెళ్లేటప్పుడు డ్రగ్ ఇన్‌స్పెక్టర్లను కూడా వెంట తీసుకెళ్లమని కోరుతున్నాను. అక్కడి అరల్లో ఏ ట్యూబులున్నాయో, వాటికి కొనుగోలు బిల్లులున్నాయో లేదో వారు చూడగలరు.

మరో రెండు ప్రమాదాలను క్లుప్తంగా చెబుతాను. కార్బన్ డయాక్సైడ్ లేజర్ కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరను కాల్చగలదు. కార్బన్ ఫేషియల్ పేరుతో చాలాచోట్ల వాడే 1,064 నానోమీటర్ల లేజర్ కంటి లోపలి రెటీనా దాకా పోతుంది. ఒక తరంగదైర్ఘ్యానికి తయారైన రక్షణ కళ్లద్దం మరో దానికి పనికిరాదు, తడి దూది అసలే పనికిరాదు. రెండోది మొద్దుబార్చే పూత. లిడోకెయిన్, ప్రిలోకెయిన్ కలిసిన క్రీమును ముఖమంతా, మెడంతా దట్టంగా పట్టించి, పైన ప్లాస్టిక్ కప్పి గంటలకొద్దీ వదిలేస్తే మందు రక్తంలోకి ఎక్కుతుంది. మోతాదు మించితే ఫిట్స్ రావచ్చు, రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గవచ్చు. అటువంటి క్షణంలో చూసుకోవడానికి డాక్టర్ గానీ, ఆక్సిజన్ గానీ లేని గదిలో ఈ పని చేయనివ్వకూడదు.

ఇప్పుడు చట్టం దగ్గరికి వస్తాను. తెలంగాణ అమలు చేస్తున్న 2010 క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ప్రకారం జిల్లా రిజిస్టరింగ్ అథారిటీకి కలెక్టర్ గారు అధ్యక్షులు, జిల్లా ఆరోగ్యాధికారి గారు కన్వీనర్. అనారోగ్యానికి, గాయానికి, వైకల్యానికి, అసాధారణతకు నిర్ధారణ, చికిత్స, సంరక్షణ అందించే ప్రతి చోటూ ఆ చట్టం దృష్టిలో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంటే. "మాది బ్యూటీ సర్వీసు, ఆసుపత్రి కాదు" అన్నది పార్లర్ల వాదన. ఆ వాదన నిలవదని నా అభిప్రాయం. మొటిమ గుంతకు చికిత్స చేస్తామని బోర్డు పెట్టినప్పుడే అసాధారణతకు చికిత్స అయింది. అట్లా కాదనుకున్నా, యంత్రంతో ముఖాన గాయం చేసి, ఆ గాయానికి ఫలానా క్రీమ్ రాయమని చీటీ ఇచ్చిన క్షణంలో గాయానికి సంరక్షణ మొదలైంది. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి 50 వేల రూపాయల వరకు, రెండోసారి 2 లక్షల వరకు, ఆ తర్వాత 5 లక్షల వరకు జరిమానా వేసే వీలు ఆ చట్టంలోనే ఉంది. డాక్టర్ కానివారు వైద్యం చేస్తే 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అదే కమిషన్ 2022లో సౌందర్య చికిత్సల గురించి, జుట్టు నాటడం గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లో, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసినంత మాత్రాన తగిన శిక్షణ పొందినట్టు కాదని చెప్పింది. కొత్త చట్టం అవసరం లేదు. ఉన్నవి చాలు.

ఈ చట్టం కింద వచ్చిన 2012 కేంద్ర నిబంధనలు, అందించే సేవలకు రేట్లను స్థానిక భాషలోనూ ఇంగ్లిషులోనూ అందరికీ కనబడేలా ప్రదర్శించాలని చెబుతున్నాయి. ఆ బోర్డు మీదనే లేజర్ చేసే డాక్టర్ పేరు, ఆయన లేదా ఆమె వైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు, విద్యార్హత, సెంటర్‌లో స్వయంగా ఉండే వేళలు, యంత్రం రకం కూడా తెలుగులో రాయించమని కోరుతున్నాను. ఒక్కో సిట్టింగ్‌కు ఎంత, తర్వాత వాడాల్సిన మందులకు అంచనాగా ఎంత అన్నది విడివిడిగా ఉండాలి. ఈ బోర్డు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. చదివిన తల్లికి అడగడానికి ఒక పేరు దొరుకుతుంది, తనిఖీకి వెళ్లిన మీ సిబ్బందికి సరిచూడటానికి ఒక నంబరు దొరుకుతుంది.

సమ్మతి పత్రం గురించి కొంచెం గట్టిగానే అడుగుతున్నాను. షాపుకు వచ్చినవారు చూపించిన పత్రాల్లో ఒక్కటి కూడా తెలుగులో లేదు. ఇంగ్లిషులో సన్నని అక్షరాల్లో రెండు పేజీలు, చివర సంతకం. ముఖానికి మొద్దుబార్చే పూత పెట్టి కూర్చోబెట్టాక, కళ్లు సగం మూసుకొని చేసిన సంతకం. చికిత్స స్వభావం, దాని వల్ల రాగల ప్రమాదాలు, ఇతర మార్గాలు రోగికి తగినంతగా తెలియజేసిన తర్వాత ఇచ్చిందే నిజమైన సమ్మతి అని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది. చదవలేని భాషలో పెట్టించుకున్న సంతకం ఆ మాటకు ఎట్లా సరిపోతుంది? జిల్లా వైద్య ఆరోగ్యశాఖ ఒక్క పేజీ తెలుగు నమూనాను తయారు చేయించి, దానిని చికిత్సకు కనీసం ఒకరోజు ముందు ఇంటికి ఇచ్చి పంపాలని రిజిస్ట్రేషన్ ఇచ్చేటప్పుడే చెప్పవచ్చు. నలుపు తేలవచ్చన్న మాట, అది ఎప్పుడు తేలుతుందన్న మాట, ఎండలోకి ఎన్నాళ్లు పోకూడదన్న మాట, ఇబ్బంది వస్తే ఏ డాక్టర్‌కు ఫోన్ చేయాలన్న మాట అందులో పెద్ద అక్షరాల్లో ఉండాలి. నలుగు గురించి కూడా ఒక వాక్యం ఉంటే మన జిల్లాకు మరీ మంచిది.

పార్లర్లు నడిపే ఆడవాళ్ల గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. వాళ్లలో చాలామంది మహిళా సంఘంలోనో, ఫైనాన్స్‌లోనో అప్పు తీసుకొని, ఒక గది అద్దెకు పట్టి నిలదొక్కుకున్నవారే. యంత్రాలు అమ్మే వ్యాపారులు వాళ్ల దగ్గరికి వచ్చి, వాయిదాల మీద యంత్రాన్ని అంటగట్టి, ఒక్క పూట నేర్పి, ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ చేతిలో పెట్టి పోతారు. ఆ వాయిదా కట్టడానికే వచ్చిన ప్రతి ముఖానికీ లేజర్ కొట్టాల్సిన పరిస్థితి వస్తుంది. కాబట్టి మొదటి తనిఖీలో యంత్రాన్ని సీలు చేయండి, పార్లర్‌కు తాళం వేయకండి. థ్రెడింగ్, ఫేషియల్, పెండ్లి అలంకరణ వాళ్లు చేసుకోనివ్వండి. ఆ యంత్రం ఎవరు అమ్మారో, వైద్య పరికరంగా దానికి ఉండవలసిన కాగితాలు ఉన్నాయో లేవో ఆరా తీసి, అమ్మినవారి దాకా వెళ్లండి. 2017 వైద్య పరికరాల నిబంధనలు అందుకు దారి చూపుతాయి.

మిగిలింది ముఖం ఇప్పటికే చెడినవారి సంగతి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కళాశాలలు వచ్చాయి. వాటి ఆసుపత్రుల్లోని చర్మవ్యాధుల విభాగాల్లో వారానికి ఒక పూటనైనా లేజర్ వల్ల, స్టిరాయిడ్ క్రీముల వల్ల చెడిన ముఖాలను చూడటానికి కేటాయించాలని, అక్కడికి వచ్చిన ప్రతి కేసు వివరాన్నీ రోగి పేరు బయటపడకుండా మీ అథారిటీకి తెలియజేసే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. ఏ పట్టణంలో ఏ రకం యంత్రం ఎక్కువమందిని గాయపరుస్తున్నదో అప్పుడు మీకే తెలుస్తుంది. ప్రభుత్వం ఆ విభాగాలకు మంచి ఫ్రాక్షనల్ లేజర్‌లను సమకూర్చగలిగితే, స్టవ్ పేలి కాలినవారు, యాక్సిడెంట్ మచ్చలున్నవారు, మొటిమల గుంతలతో తల ఎత్తి మాట్లాడలేకపోతున్న పేద పిల్లలు హైదరాబాద్ దాకా పోకుండా ఇక్కడే నమ్మకంగా చూపించుకుంటారు. నష్టపోయినవారు రెండేళ్ల లోపల జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని, అందుకు చీటీలు, బిల్లులు, ఫొటోలు దాచిపెట్టుకోవాలని కూడా అక్కడి గోడ మీద రాయిస్తే మేలు.

వచ్చే మాఘమాసపు ముహూర్తాలకు ముందే మొదటి విడత తనిఖీలు పూర్తయ్యేటట్టు చూడమని ప్రార్థిస్తున్నాను. షాపుకు వచ్చినవారు అనుమతించి వదిలి వెళ్లిన చీటీల నకళ్లు, పేర్లు కొట్టివేసి, నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ కార్యాలయం నుంచి ఎవరు వచ్చి అడిగినా చూపిస్తాను, రమ్మంటే నేనే తీసుకొని వస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక రిజిస్టర్డ్ ఫార్మసిస్టు,
ప్రకాశం బజార్, నల్లగొండ.